అలల టేకు మీద సుద్ద ముద్ద ఎందుకు?

"గ్రెయిన్స్ బాగా ఎక్కువున్నాయండి. ఫిల్లర్ పెట్టి మూసేస్తే నీట్‌గా వచ్చేస్తుంది." మా చిన్నాన్న కొడుకు రాజమండ్రిలో కట్టుకున్న ఇంటి సింహద్వారం ముందు నిలబడి పాలిష్ కాంట్రాక్టరు అన్న మాట ఇది. ఆయన గ్రెయిన్స్ అన్నది చెక్క మీది సన్న రంధ్రాల్ని, ఫిల్లర్ అంటే వాటిని పూడ్చే ముద్ద. పని పూర్తయ్యాక వెళ్ళి చూశాను. తలుపు మెరుస్తోంది. చెయ్యి వేస్తే నున్నగా జారిపోతోంది. కానీ అడితిలో ఏరి ఏరి పక్కన పెట్టించుకున్న పలకల్లోని అలలు, తల తిప్పితే కదిలే ఆ మెరుపు వంపులు, ఏవీ? ఉన్నాయి, పసుపు తిరిగిన పల్చటి పొర వెనక ఎక్కడో ఉన్నాయి. మొహం దగ్గరగా పెట్టి చూస్తే సన్న రంధ్రం ప్రతిదానిలోనూ ఓ లేత రంగు చుక్క. తలుపు నిండా అవే చుక్కలు.

కాంట్రాక్టరు మోసమేమీ చెయ్యలేదు. పైన వేసిన పీయూ (పాలీయూరథేన్) పాలిష్ మంచి రకమే, పనివాళ్ళు శ్రద్ధగానే చేశారు. మన ఊళ్ళలో నూటికి తొంభై ఇళ్ళకి జరిగే పద్ధతే అది. అందుకే దీని గురించి వివరంగా రాయాలనిపించింది. ఒక మనిషి తప్పైతే ఆ మనిషితో మాట్లాడుకుంటే సరిపోతుంది. పద్ధతే అలా ఉన్నప్పుడు దాని గురించి అందరం మాట్లాడుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జీర (నార సాగిన తీరు) వంపులు తిరిగిన, అలలు తేలిన చెక్కకి రంధ్రాలు నింపాలంటే, నింపిన సరుకు పాలిష్ కింద పారదర్శకంగా మారిపోవాలి. అలా మారే సరుకుతో నింపలేకపోతే ఆ రంధ్రాల్ని తెరిచే వదిలెయ్యాలి. రంగు ముద్దని చెక్కంతా పులమడం మామూలు తిన్నటి టేకుకి నడుస్తుంది, అలల చెక్కకి నడవదు. పైగా ఆ చెక్క అందం నిలుస్తుందా పోతుందా అన్నది పాలిష్ మొదటి కోటు కంటే చాలా ముందే తేలిపోతుంది.

వెలుగు ఎక్కడ కదులుతుంది

చెట్టు వేళ్ళనుంచి నీళ్ళు పైకి మోసిన గొట్టాలే మనం రంధ్రాలంటున్నవి. పలక కోసినప్పుడు ఆ గొట్టాలు పొడవునా చీలి సన్నటి గాట్లలా తెరుచుకుంటాయి. అన్ని చెక్కలకీ ఇవి ఒకలా ఉండవు. టేకులో ఏడాది పెరుగుదల మొదలైనప్పుడు ఏర్పడిన గొట్టాలు పెద్దవి, అవన్నీ ఒక వరసలో ఉంటాయి. అందుకే టేకు పలక మీద వరసల మధ్య గరుకు గీతలు తగులుతాయి. రోజ్‌వుడ్‌లో పెద్ద రంధ్రాలు పలకంతా చెదిరి ఉంటాయి. మేపుల్‌లో ఉన్నా కంటికి ఆననంత సన్నం కాబట్టి నింపే పనే లేదు. పైన్, దేవదారు లాంటి వాటికి ఈ గొట్టాలే ఉండవు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర కూడా సన్న నార కర్రే. తరిణె మీద తిరుగుతుంటే లక్క బిళ్ళ నేరుగా ఆనించి రంగు ఎక్కిస్తారు, నింపుడు అన్న మాటే రాదు.

ఇక అలలు. నార తిన్నగా కాకుండా వంపులు తిరుగుతూ పెరిగిన చెట్టుని నిలువుగా కోస్తే, పలక పైకి ఒకచోట నార పక్క భాగం వస్తుంది, ఆ పక్కనే నార కొన పైకి తేలి వస్తుంది. నార పక్కకి పడుకున్నచోట వెలుతురు తిరిగొస్తుంది, కొన తేలినచోట లోపలికి ఇంకిపోతుంది. మనం తల కాస్త పక్కకి తిప్పితే మెరిసినచోటు మసక, మసకైనచోటు మెరుపు అవుతాయి. ఆ కదలికే ఆ చెక్కకి ఉన్న విలువంతా. గోదావరి లోయ టేకుకి ఈ అలల జీర వల్ల కలప వ్యాపారంలో ఎప్పటినుంచో పేరుంది. శేషాచలం కొండల ఎర్రచందనంలోనూ అలలు తిరిగిన దుంగకే గిరాకీ ఎక్కువ. జపాన్‌లో షామిసెన్ అనే తంతి వాద్యం మెడకి ఆ కర్ర వాడతారు. నల్లమద్దిలో కూడా అలల జీర దొరుకుతుంది, దానికి రావాల్సినంత పేరు మన దగ్గర రాలేదని నాకు ఎప్పుడూ ఒక బాధ.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నార వంపు తిరిగితే గొట్టం కూడా దాంతోపాటే వంపు తిరుగుతుంది. కాబట్టి అలల పలక మీద రంధ్రాలు అన్నిచోట్లా ఒకే ఆకారంలో ఉండవు. నార పడుకున్నచోట పొడుగు గాట్లు, నార కొన తేలినచోట పొట్టి, లోతైన గుంటలు. లోతైన గుంటలో ఫిల్లర్ ఎక్కువ దిగుతుంది. ఆ కొనలు రంగునీ ఎక్కువ తాగుతాయి. అంటే రంగు ముద్ద పులిమినప్పుడు అది పలకంతా సమంగా పట్టదు. సరిగ్గా అల మసకగా కనపడాల్సిన చోట చుక్కలు గుంపుగా చేరతాయి. తల తిప్పితే వెలుగు కదులుతుంది గానీ చుక్కలు కదలవు. కళ్ళు కదిలేదాన్ని వదిలి కదలనిదాని మీద నిలుస్తాయి. మా వాడి తలుపులో జరిగింది అదే.

సుద్దపొడితో చిన్న పరీక్ష

ఇంట్లోనే చేసి చూడొచ్చు. ఒక గాజు పలక మీద మూడు చోట్ల పొడి పెట్టండి. మొదటిచోట సుద్దపొడిలో లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) కలపండి. రెండోచోట అదే సుద్దపొడిలో నీళ్ళూ, కాస్త తెల్ల జిగురూ కలిపి ఆరనివ్వండి. మూడోచోట జింకు పౌడర్‌లో (జింకు ఆక్సైడు) లిన్సీడ్ ఆయిల్ కలపండి. మొదటిది బూడిదరంగులోకి దిగి, గాజు కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు మసగ్గా కనిపించేంత పల్చబడుతుంది. మిగతా రెండూ తెల్లగానే ఉంటాయి.

దీని వెనక లెక్క తెలిసిందే, వక్రీభవనం, అంటే ఒక పదార్థం వెలుతురుని ఎంత వంచుతుందో చెప్పే అంకె. లిన్సీడ్ ఆయిల్‌ది సుమారు 1.48, లక్కది 1.5 దరిదాపు, సుద్దది కూడా వాటికి దగ్గరే. రెండు పదార్థాల అంకెలు దగ్గరగా ఉంటే వెలుతురు పెద్దగా చెదరకుండా దాటిపోతుంది. క్వార్ట్జ్ పొడి అయితే 1.54, ఇంకా బాగా కలిసిపోతుంది. అందుకే మంచి గ్రెయిన్ ఫిల్లర్లలో సిలికా పొడి వాడతారు. జింకు ఆక్సైడు 2.0 దరిదాపు, పెయింట్లలో వాడే టైటానియం డయాక్సైడు 2.5 పైనే. వాటిని ఎందులో కలిపినా తెలుపే. నీళ్ళతో కలిపిన సుద్ద ఆరినప్పుడు రేణువుల మధ్య నీటి బదులు గాలి చేరుతుంది. గాలి అంకె 1.0. అందుకే అది మళ్ళీ తెల్లబడుతుంది. పైన వేసే పాలిష్ లోపలికి ఇంకితే కొంత తేలికపడొచ్చు గానీ, జిగురు కలిపితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మన సైట్లలో కలిపే ముద్దలో సాధారణంగా ఉండేవి సుద్దపొడి, జింకు, పసుపు రంగు కోసం కాస్త ఓకర్ అనే మట్టి రంగు, తడి కోసం నీళ్ళో, టర్పెంటైనో, ఏదుంటే అది. టేకు రంగులో ఉండటంతో తలుపు మీద పట్టించేటప్పుడు అందరికీ నచ్చుతుంది. కానీ టేకు రంగు ఏళ్ళు గడిచేకొద్దీ మారుతుంది, ఓకర్ రంగు మారదు. ఈరోజు కలిసిపోయినట్టున్న చుక్క పదేళ్ళకి విడిగా తేలుతుంది. ఇంగ్లండులో పాత మహాగనీ సామానుకి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో రంధ్రాలు నింపి పైన ఫ్రెంచ్ పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క పూత) చేసేవారు. వాటిలో చాలావాటికి ఇప్పుడు రంధ్రాలన్నీ తెల్లతెల్లగా బయటపడి ఉంటాయి. రిపేర్ చేసేవాళ్ళకి అదొక పెద్ద తలనొప్పి. మన తలుపులకీ ఆ రోజు వస్తుంది.

కొండపల్లి బొమ్మల వాళ్ళు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తారు. తెల్ల పొణికి కర్ర ముక్కల్ని దాంతోనే అతికి, అతుకులు పూడ్చి, పైన రంగులు వేస్తారు. ఎంత తెలివైన సరుకో! కర్ర కనపడనక్కర్లేని పనికి అంతకంటే బాగా అమరేది ఉండదు. రంగు వేసే కిటికీలకి పెట్టే లప్పం కూడా ఆ కోవదే. మన చేతులకి అలవాటైన నింపుడు పనులన్నీ ఇలా చెక్కని కప్పేసే పనులే అనిపిస్తుంది నాకు. ఆ అలవాటునే కప్పకూడని చెక్క మీదికి తెచ్చాం.

చిత్రిక దగ్గరే తేలిపోయేది

నింపడం గురించి ఇంత చెప్పాను గానీ, చెడిపోయిన అలల చెక్కల్లో సగం చిత్రిక దగ్గరే చెడిపోతాయి. నార పైకీ కిందికీ తిరుగుతుంటే చిత్రికకి ఏ వైపునుంచి తోసినా ఎక్కడో ఒకచోట ఎదురు జీర తగులుతుంది. అక్కడ నార లేచి చిన్న చిన్న పెచ్చులు ఊడతాయి. పచ్చి చెక్క మీద అవి కనపడవు. పాలిష్ పడ్డాక నల్లటి గరుకు మచ్చల్లా తేలతాయి. టేకులో సిలికా ఉంటుంది కాబట్టి చిత్రిక పదును తొందరగా పోతుంది, పదును పోయిన కొద్దీ పెచ్చులు పెరుగుతాయి. మెషీన్ ప్లేనర్ మీద తోయించిన పలకకైతే ఈ సమస్య ఇంకా ఎక్కువ.

పాతకాలం వడ్రంగులు ఇలాంటిచోట చిత్రిక పక్కన పెట్టి గాజు పెంకుతో గీకేవారు. ఇప్పుడు పల్చటి ఉక్కు రేకు అంచుని సాన పెట్టి, కొస వంచి అదే పనికి వాడతారు. దాన్ని స్క్రేపర్ అంటారు. జీర ఎటు తిరిగినా అది పెచ్చు లేపదు. నిదానంగా సాగే పని. ఒక తలుపు రెక్కకి ఒక పూట పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ పనికి విడిగా కూలి ఇచ్చేవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను.

తర్వాత ఎమెరీ పేపరు. 80 నుంచి 120, 180, 220. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఏ నంబరూ దాటెయ్యకూడదు. కింది నంబరు గీతలు పోయేదాకా పై నంబరుకి వెళ్ళకూడదు. పేపరు వెనక తిన్నటి చెక్క ముక్క ఉండాలి. ఉత్త చేత్తో రుద్దితే టేకులో మెత్తటి వరసలు గుంటపడి, గట్టి వరసలు గట్టుల్లా నిలబడతాయి. వెనీర్, అంటే పైన అతికించే పల్చటి చెక్క రేకు అయితే ఇంకా జాగ్రత్త కావాలి. మన దగ్గర దొరికే డెకరేటివ్ వెనీర్ మందం అర మిల్లీమీటరు దరిదాపే. 80 నంబరు దాని దగ్గరికే రానివ్వకూడదు.

మా వీధిలో స్పిరిట్ పాలిష్, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్కతో పాలిష్ చేసే పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు. "టార్చి పడుకోబెట్టి చూడమ్మా, నిలబెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి" అన్నారు ఒకసారి. ఆయన సాయంత్రం లైట్లు ఆపేసి, టార్చిని పలక అంచున ఆనించి, వెలుతురు పలక మీద పాకేలా పెట్టి చూస్తారు. గీతలు, పెచ్చులు, ఎత్తుపల్లాలు అన్నీ నీడలుగా లేచి నిలబడతాయి. తర్వాత స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఒకసారి తుడుస్తారు. తడి ఉన్న ఆ అర నిమిషంలో పాలిష్ తర్వాత చెక్క ఎలా ఉండబోతోందో అచ్చంగా అలాగే కనిపిస్తుంది. తప్పులు దిద్దుకోవడానికి అదే చివరి అవకాశం. పైగా టేకు, రోజ్‌వుడ్ జిడ్డు చెక్కలు కాబట్టి ఆ తుడుపు పైపైన జిడ్డుని కూడా తీసేస్తుంది. రోజ్‌వుడ్ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. దాని ఊదా ఎరుపు స్పిరిట్‌లో కరుగుతుంది. పక్కన లేత చెక్క పొదిగి ఉంటే ఆ రంగు దానికి అంటుకుంటుంది.

చివరగా దుమ్ము. రంధ్రాల్లో ఇరుక్కున్న పొట్టుని తియ్యకుండా పైన ఏం పోసినా వృథా. పాత టూత్ బ్రష్‌తో నార వెంబడి దులిపి, గాలి కొట్టి, అప్పుడు ముందుకి వెళ్ళాలి. సైట్లలో ఒక్కసారి పొడి గుడ్డతో తుడిచి ఊరుకుంటారు, దాంతో సగం రంధ్రాలు అప్పటికే వదులు పొట్టుతో నిండి ఉంటాయి. ఫిల్లర్ వాటి పైన పెంకులా కూర్చుంటుంది, కొన్నాళ్ళకి ఊడుతుంది.

లక్క, ప్యూమిస్, సొంత పొట్టు

నింపడానికి నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి పాతదే. చపడా లక్కని (రేకులుగా దొరికే లక్క) స్పిరిట్‌లో కరిగించి, దూదిని నూలు గుడ్డలో ముద్దగా చుట్టి, దాంతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దడం. మధ్యమధ్యలో చిటికెడు ప్యూమిస్ పొడి. ప్యూమిస్ అంటే అగ్నిపర్వతం నురగ గట్టిపడిన రాయి. అది చెక్కని కొద్దికొద్దిగా అరగదీస్తుంది, ఆ అరిగిన పొట్టు, ప్యూమిస్, లక్క మూడూ కలిసి రంధ్రంలోకి దిగి గడ్డకడతాయి. లక్కలో తడిసిన ప్యూమిస్ గాజులా తేరుకుంటుంది. రంధ్రం నిండుతుంది, నింపినట్టు కనపడదు. పైగా లక్క మన సరుకు. మోదుగ, రేగు, కుసుం చెట్ల మీద బతికే చిన్న పురుగు ఇచ్చేది. రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లోనే దీని కోసం పరిశోధన సంస్థ పెట్టారు. ఇంత దగ్గర్లో ఉన్న సరుకుని వదిలేసి జింకు ముద్ద పులుముకోవడం నాకు మింగుడు పడదు.

రెండో పద్ధతి తేలిక. చెక్క మీద ఆయిల్ ఫినిషో, పల్చటి వార్నిషో పోసి, అది తడిగా ఉండగానే 320 లేదా 400 నంబరు వాటర్ పేపరుతో రుద్దడం. చెక్క సొంత పొట్టే ఆ ద్రవంలో చిక్కటి గంజి అవుతుంది. దాన్ని గోనె గుడ్డతో నారకి అడ్డంగా తుడిస్తే పైన ఉన్నది పోయి రంధ్రాల్లో ఉన్నది నిలుస్తుంది. ఇందాక దుమ్ము తీసెయ్యాలని చెప్పి ఇప్పుడు దుమ్ముతోనే నింపమంటున్నానేంటి అని అడగొచ్చు. తేడా తడిలో ఉంది. పొడిగా ఇరుక్కున్న పొట్టు చుట్టూ గాలి ఉంటుంది కాబట్టి పాలిపోయి కనిపిస్తుంది, గట్టిగా పట్టుకోదు కూడా. నూనెలో నాని దిగిన పొట్టు చెక్క రంగు కంటే ఒక పిసరు ముదురుగా, చెక్కలో భాగంగానే ఉండిపోతుంది.

ఇక ఎపాక్సీ, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. గిటార్లు చేసేవాళ్ళలో చాలామంది రోజ్‌వుడ్, మహాగనీ వెనక పలకలకి దీన్నే వాడతారు. పారదర్శకం, ఆరేటప్పుడు దాదాపు కుంచించుకుపోదు. నేను దీన్ని కాదనను. కానీ రేపు గీత పడితే దిద్దడం కష్టం. లక్కకైతే స్పిరిట్ తగిలితే పాత పూతా కొత్త పూతా కరిగి ఒకటైపోతాయి. ఇంట్లో పిల్లలు తిరిగే సామానుకి ఆ సుగుణం చాలా అవసరం.

సింహద్వారానికి లక్క ఒక్కటే చాలదు. ఎండకీ వానకీ వేడికీ అది నిలబడదు. నింపడం వరకూ లక్కతో చేసి, పైన వార్నిషో పీయూవో వేసుకోవచ్చు. ఒక షరతు ఉంది. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద పీయూ సరిగ్గా పట్టుకోదు. కరిగించిన లక్కని సీసాలో కదపకుండా వదిలేస్తే మైనం అడుగుకి చేరుతుంది. పైన తేటని మాత్రం వంచుకుని వాడుకోవాలి.

ఎదుటివాళ్ళ మాటలోనూ బలం ఉంది

ఇదంతా విన్న మా వాడు ఒక ప్రశ్న వేశాడు. "అక్కా, అన్ని పలకలూ ఒకే రంగులో రాలేదు కదా, కలపకపోతే ఎలా?" న్యాయమైన ప్రశ్న. ఒకే తలుపులో ఒక పలక ఎర్రగా, ఒకటి లేతగా ఉంటే కలపాల్సిందే. కానీ ఆ పని ఫిల్లర్‌తో ఎందుకు చెయ్యాలి? రంగుని రంగుగానే, చెక్కలో ఇంకే డైతో కలుపుకోవచ్చు. పొడి రంగులు రంధ్రాల్లోనూ గీతల్లోనూ పేరుకుంటాయి, డై నారలోకి ఇంకుతుంది. నారలోకి ఇంకేదాని వల్ల అలలు ఇంకాస్త పైకి తేలతాయి కూడా. గిటార్లు చేసేవాళ్ళు అలల మేపుల్‌కి ముందు ముదురు డై పట్టించి, అరగదీసి, మళ్ళీ లేత రంగు పట్టించేది ఇందుకే. ముందు ఏదైనా పనికిరాని ముక్క మీద చూసుకోవాలి, ఎందుకంటే కొన్ని చెక్కల్లో ఇది మచ్చలు మచ్చలుగా పడుతుంది.

రంగు ఫిల్లర్ కావాలనే వాడేవాళ్ళూ ఉన్నారు. ముదురు ఫిల్లర్‌తో టేకు గాట్లని నల్లగా తేల్చి చూపించడం ఒక అందం. తిన్నటి జీర ఉన్న చెక్కకి అది నిజంగానే బాగుంటుంది, నేను అభ్యంతరం చెప్పను. అలల చెక్కకి కూడా అదే కావాలని పట్టుబడితే ఒక మధ్యేమార్గం ఉంది. ముందు బాగా పల్చటి లక్క ఒక చెయ్యి వేసి ఆరనిచ్చి, ఆ తర్వాత రంగు ఫిల్లర్ పెట్టి, మెరుపు తగ్గి మసకబారగానే గోనె గుడ్డతో అడ్డంగా తుడిచెయ్యడం. లక్క పొర ఉండటంతో రంగు నారకి అంటదు, రంధ్రంలోనే ఆగుతుంది. చెక్కంతా పసుపు పొర కప్పడం అన్న సమస్య దీంతో పోతుంది.

నన్ను నిజంగా ఆలోచనలో పెట్టింది ఇంకో వాదన. అసలు నింపడమే ఎందుకు? 1950లు, 60ల్లో డెన్మార్క్‌లో చేసిన టేకు సామానులో ఎంతో భాగం ఉత్త నూనె పట్టించినదే. రంధ్రాలు తెరిచే ఉంటాయి, వేలితో తాకితే చెక్క తాకినట్టే ఉంటుంది. అద్దం లాంటి నునుపు చెక్కకి కావాలా, మనకి కావాలా? ఈ ప్రశ్న చాలాకాలం నా తలలో తిరిగింది. రోజూ వాడే బల్లకి, పుస్తకాల అలమరకి నేను నింపకుండా నూనెనే ఎంచుకుంటాను. కానీ లోతైన అలలున్న చెక్కని రెండు రకాలుగానూ చేసి పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, నునుపు చేసినదానిలో లోతు స్పష్టంగా ఎక్కువ. తెరిచిన రంధ్రం ప్రతిదీ వెలుతురుని తనవైపు చెదరగొడుతుంది. పైపొర సమంగా ఉంటే ఆ చెదురు ఆగి, లోపల నార మీద పడిన వెలుగే మనదాకా వస్తుంది. కాబట్టి నా మొగ్గు ఇటే. ఒక్కటి మాత్రం ఖాయం, సగం నింపి పైన గ్లాసీ పాలిష్ వెయ్యడం రెండిటికంటే అధ్వానం. గుంటల అంచులన్నీ తళతళమంటూ చెక్కకి చిల్లులు పడినట్టు కనిపిస్తుంది. నింపే ఓపిక లేకపోతే మెరుపు లేని మ్యాట్ పాలిష్ వేసుకోవడం మేలు.

ఆగడానికి కూలి ఎవరిస్తారు

ఇన్ని మాట్లాడినా అసలు చిక్కు చదరపు అడుగు లెక్క. పాలిష్ పనిని అడుగుకి ఇంత అని మాట్లాడుకుంటాం. అడుగు లెక్కలో మేస్త్రికి గిట్టుబాటు కావాలంటే తొందరగా మూసెయ్యాలి. రంగు ముద్ద ఒక్క పూటలో గీతల్నీ, పెచ్చుల్నీ, రంధ్రాల్నీ అన్నిటినీ కప్పేస్తుంది. స్క్రేపర్ పని, దుమ్ము దులపడం, టార్చి పెట్టి చూడటం, వీటికి ఆ లెక్కలో చోటు లేదు. మేస్త్రిని తప్పుపట్టే ముందు మనం ఏ పనికి డబ్బులిస్తున్నామో చూసుకోవాలి.

అన్నిటికంటే ఖరీదైనది ఆగడం. స్పిరిట్‌తో గానీ థిన్నర్‌తో గానీ కలిసిన ఏ సరుకైనా ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఈరోజు నిండుగా ఉన్న రంధ్రం కొన్ని వారాలకి మళ్ళీ చిన్న గుంట అవుతుంది. నింపి, ఆరనిచ్చి, దిగినచోట మళ్ళీ నింపి, అప్పుడు పైకోట్లు వెయ్యాలి. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని, ముందు వారం పాలిష్ మొదలుపెడితే ఇది ఎలా కుదురుతుంది? శ్రావణంలో ముహూర్తమైతే ఇంకో బాధ. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు స్పిరిట్ పాలిష్ తెల్లబారుతుంది. కోస్తా ఊళ్ళలో వానాకాలం మధ్యాహ్నాలు ఆ పనికి అసలు పనికిరావు.

అందుకని నాకు తెలిసినవాళ్ళు ఎవరు అడిగినా ఇదే చెప్తున్నాను. అడితి నుంచి తెచ్చిన అలల పలకల్లోంచే ఒక మూర ముక్క పక్కన పెట్టించుకోండి. మేస్త్రితో దాని మీద ముందు సగం సగం చేయించండి, ఒక సగం ఆయన మామూలు పద్ధతి, రెండో సగం లక్క, ప్యూమిస్. ఆ ముక్కకి అయ్యే రోజు కూలి విడిగా ఇవ్వండి. ముక్క వెనక ఏ నంబరు పేపరు, ఏ సరుకు, ఎన్ని రోజులు ఆరింది అన్నది మార్కర్‌తో రాయించండి. కిటికీ దగ్గర పెట్టి పొద్దుటి వెలుతుర్లో ఇద్దరూ కలిసి చూడండి. రేటు ఆ తర్వాత మాట్లాడుకోండి. తయారీకి రోజు కూలి, పైకోట్లకి మాత్రమే అడుగు లెక్క. మా వీధి మేస్త్రి గారు ఇలా ఒప్పుకుని ఇప్పుడొక నల్లమద్ది దేవుడి గది తలుపు చేస్తున్నారు. రెండో నింపుడు అయ్యింది, ఇంకా ఆరుతోంది. ఇంటివాళ్ళు రోజూ ఫోన్ చేసి ఎప్పుడవుతుందని అడుగుతున్నారట. ఆయన మాత్రం తొందరపడటం లేదు.